కీచురాళ్ల పథ్యం

మొన్న ఆదివారం పొద్దున జహనుమాలో మా ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలామె దిగడం మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అని ఎందుకు అంటున్ననంటే, ఆ దిగడం పూర్తయ్యేలోపల ఎదురింటి మేక వచ్చి ఆమె చేతిసంచిలో తల పెట్టి, లోపల కాయితాలే ఉన్నయని తెలుసుకుని, వాటిలో ఒకటి నమిలి చూసి, సారం లేదని వదిలేసి పోయింది. గల్లీ పిల్లలు ఒక పతంగి ఎగరేసి, కోయించుకుని, కొట్లాడుకుని, దోస్తులు కూడా అయిన్రు. నేను సగం గడ్డం గీసుకున్నోణ్ని మిగతా సగం కూడా గీసుకుని బయటికి వచ్చిన. తెల్లచీర, చెవిలో మిషను, చేతిలో కర్ర. "యాదయ్య ఇల్లు ఇదేనా?" అని అడిగింది.

మా బాపును అట్ల ముందూ వెనకా ఏదీ తగిలించకుండా పేరు పెట్టి పిలిచేటోళ్లు ఈ భూమి మీద ఒక్కరే మిగిలిన్రు. ఆమె వసుంధర మేడం. బాపు రిటైరయ్యేదాక అటెండరుగా పనిచేసిన సర్కారు పురుగుల ల్యాబులో పెద్ద సైంటిస్టు. ఆమెను చూసి యాభై ఏండ్లు దాటిన నేను చేతులు కట్టుకుని నిలబడ్డ. చిన్నప్పుడు ఆమె ముందు అట్లనే నిలబడేటోన్ని, శరీరానికి అలవాటు పోలేదు.

"నలభై ఏళ్ల కింద మీ నాన్న నన్నొక ప్రశ్న అడిగాడు. జవాబు తెలిశాక వచ్చి చెప్తానని మాటిచ్చాను. ఇప్పుడు తెలిసింది. నా దగ్గర కూడా ఇంక ఎక్కువ రోజులు లేవు, అందుకని వచ్చేశాను" అన్నది, ఏదో పక్కింటికి పెరుగు తోడుకు వచ్చినట్టు.

ఆ ప్రశ్న ఏందో నాకు తెలుసు. కీచురాళ్లు నూనె తినకుండ ఒంట్లోనే నూనె ఎట్ల తయారు చేసుకుంటయి, మనిషికి అది ఎందుకు చేతకాదు అన్నదే ఆ ప్రశ్న. మేడానికి అది సైన్సు. మా ఇంట్లో అది మా చెల్లె పద్మ. ఆరేండ్ల పిల్ల చచ్చిపోవడానికి కారణం ఎవరు అని మా ఇంట్లో ఇన్నేండ్లలో ఒక్కరు కూడా నోరు తెరిచి అడగలేదు. ఎవరికి వాళ్లం లోపల లోపల జవాబు రాసిపెట్టుకున్నం. మేడం సంచిలో ఉన్న కాయితాలలో ఆ జవాబు ఉందేమోనని, సంచి అందుకోబోయినోణ్ని చెయ్యి వెనక్కి తీసుకున్న.

ముందుగాల బాపు నౌకరి గురించి చెప్పాలె. బడిలో ఎవరన్నా అడిగితే మా బాపు సైంటిస్టు అని చెప్పేటోన్ని. అది పూర్తిగా అబద్ధం కాదు, పదింట తొమ్మిది వంతులే అబద్ధం. పొద్దున సైకిలెక్కి, పురానాపూల్ మీదుగా మూసీ వాసనను దాటుకుంటూ పోయి, ల్యాబు తాళం తీసేది ఆయనే. అండ్ల వేలకు వేల కీచురాళ్లు, బొద్దింకలు, పిండిపురుగులు. గుడ్లు పెట్టుకునే అట్ట ట్రేలలో కీచురాళ్లు కాపురం ఉండేటివి. వాటికి తడి దూది పెట్టి నీళ్లు తాగించడం, విడిచిన పొరలు ఊడ్వడం, పిల్లలను వేరే డబ్బాలోకి మార్చడం బాపు పని. మనుషుల పిల్లలను పెంచినదానికంటే ఎక్కువ ముద్దుగా పెంచేటోడు. నన్ను ఒక్కసారి కూడా తడి దూదితో నీళ్లు తాగించలేదు.

కాని ఆయన అసలు గర్వం పిండి ఉతకడం. మేడం కీచురాళ్లకు పెట్టే తిండిలో నూనె అనేది చుక్కలో పిసరంత కూడా ఉండకూడదు. పాలవిరుగుడు పొడిని గాజుగొట్టంలో పోసి, ఈథర్ అనే మందుతో పొద్దున్నుంచి సాయంత్రందాక కడిగి, కడిగి, దాంట్లో ఉన్న కొవ్వునంతా బయటికి లాగేసేటోడు. దానికి చక్కెర, గంజిపొడి, ఉప్పు, విటమిన్లు కలిపితే అదే కీచురాళ్ల భోజనం. "ప్రపంచంల నా అంత సాఫ్‌గా పిండి ఉతికేటోడు లేడురా" అనేటోడు. ఆయన అంగీకి ఎప్పుడూ తియ్యటి మందు వాసన. దగ్గరికి తీసుకుంటే కండ్లు మూతలు పడేటివి. నాకు ఎక్కాలు రాకపోవడానికి ఆ వాసనే కారణమని నేను ఇప్పటికీ నమ్ముతున్న.

ఇంట్లో మాత్రం నూనెకు పండుగ. వంట మా అవ్వది, అంటే బాపు వాళ్లమ్మది. ఆమె వండిన వంకాయ కూరలో ఈత వచ్చిన వంకాయలు బతికేటివి, రానివి మునిగేటివి. పల్లినూనె కాగిన వాసన పొద్దున్నే మా ఇంట్లోంచి లేచి, గల్లీ తిరిగి, ఫలక్‌నుమా స్టేషన్‌లో ఆగి ఉన్న బండిలోకి కూడా ఎక్కేది. పక్కింటి ఫాతిమా ఖాలా వంట అంతకంటే ఒక మెట్టు పైన. ఆమె పంపే మిర్చి కా సాలన్ గిన్నె మా దగ్గరికి వచ్చేసరికి పైన తేలిన నూనెలో నా మొహం కనపడేది. ఆ నూనె అద్దంలో చూసి నేను తల దువ్వుకుంటే పద్మ కిందపడి నవ్వేది. ముందు పండ్లు రెండు ఊడిపోయిన నవ్వు. ఆ సందులోంచి గాలి కూడా నవ్వుకుంట బయటికి వచ్చేది.

ఆ ఎండాకాలం దానికి పసిరికలు, అంటే కామెర్లు అయినయి. కండ్లు, గోర్లు పచ్చగ. దవాఖానలో మందులిచ్చిన్రు, అవ్వ నేలఉసిరి రసం ఇచ్చింది, ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నది మాత్రం పథ్యం దగ్గర. నూనె బంద్. నెయ్యి బంద్. వెన్న తీసిన మజ్జిగ, మెత్తటి అన్నం, ఉప్పేసి ఉడికించిన బీరకాయ. పోపు లేని చారు తాగుతూ పద్మ మా పళ్లాల దిక్కు చూసేది. అవ్వ లెక్క ప్రకారం ఈ పథ్యం నలభై రోజులు. నలభై ఒకటో రోజు పిల్లకు తలంటు పోసి, తాళింపు అన్నం పెట్టి, దిష్టి తీసి, పథ్యం విడిపించాలె. మా వాళ్లలో అది రివాజు. ఎంత జబ్బు పడ్డా ఆ తాళింపు చిటపటమన్న రోజు మనిషి తిరిగి ఇంట్లో మనిషైనట్టు.

ఆ రోజు అవ్వ పొయ్యి మీద మూకుడు పెట్టింది. నూనె కూడా పోసింది. బాపు వచ్చి పొయ్యి ఆర్పేసిండు.

"నలభై దినాలు అయినయిరా యాదిగా. పోరి కండ్లు తెల్లగైనయి. ఇగ తినాలె" అన్నది అవ్వ.

"కండ్లు తెల్లగైతే అయిపాయెనా? లోపట లివర్ ఇంక కుదురుకోలేదన్నడు డాక్టరు. ఇంకొన్ని దినాలు ఆగుదాం. నూనె లేకుంటే ఏం కాదు."

"ఏం కాదని నీకెవ్వలు చెప్పిన్రు?"

బాపు మూలన ఉన్న మూడు డబ్బాల దిక్కు చెయ్యి చూపించిండు. ఎండాకాలం ల్యాబులో కరెంటు పోతున్నదని, పురుగులు వేడికి చచ్చిపోతయని, మేడాన్ని అడిగి ఆయన కొన్ని ట్రేలను ఆ డబ్బాలల్ల పెట్టి ఇంటికి తెచ్చుకున్నడు. మా ఇల్లు రేకుల ఇల్లు, ల్యాబుకంటే రెండింతలు వేడి, అయినా మేడం ఒప్పుకున్నది. బాపు మీద ఆమెకు అంత నమ్మకం. ఉతికిన పిండితోనే అవి పెరిగినయి, గుడ్లు పెట్టినయి, ఆ గుడ్లలోంచి వచ్చినయి మళ్లా పెరిగి పాటలు పాడుతున్నయి. ఒక్కొక్కటి మా బహదూర్‌పురా జూలో ఉన్న పులికంటే గట్టిగ అరిచేది. పద్మ వాటన్నిటికీ రాజు అని ఒక్కటే పేరు పెట్టింది. అందరూ రాజులే, ఆ రాజ్యంలో ప్రజలు లేరు.

"గివి చూడే అవ్వా. ఇవి, వీటి అవ్వలు, వాటి అవ్వలు, ఒక్కటన్న నూనె సుక్క మొకం చూడలేదు. ఎట్ల దుంకుతున్నయో చూడు."

"అవి పురుగులురా!"

"పురుగే ఒంట్ల కావలసిన నూనె చేసుకుంటున్నది. మేడం పరీక్ష చేసి చూపించింది. పురుగుకు వచ్చిన విద్య మనిషికి రాదా? మనిషి పురుగు కన్న తక్కువనా?"

అవ్వ మూకుడులో నూనెను మళ్లా సీసాలోకి వంపింది. అమ్మ సీసాకు మూత పెట్టింది. చదువుకున్నోళ్ల నడుమ తిరిగే మనిషి, రోజూ పిండి ఉతికే మనిషి, ఆయన చెప్తే సైన్సు చెప్పినట్టే. మొత్తం జహనుమాలో ఆ రోజు సైన్సు ఒక్క మా ఇంట్లనే ఉన్నది, అది మా ఇంటి పొయ్యిని ఆర్పేసింది.

కాదని గట్టిగ మాట్లాడింది ఫాతిమా ఖాలా ఒక్కతే. రెండు నెలల తర్వాత ఒకనాడు పద్మ కాళ్లు చేతుల్లోకి తీసుకుని చూసి, నేరుగా బాపు ముందుకొచ్చి నిలబడ్డది. "యాదయ్య భాయ్, కీడే కా పేట్ అలగ్, బచ్చీ కా పేట్ అలగ్. దేఖో, కైసీ సూఖ్ గయీ." పురుగు కడుపు వేరు, పిల్ల కడుపు వేరు, చూడు ఎట్ల ఎండిపోయిందో అని.

"ఆప్ కో నై మాలూమ్ ఖాలా. యే సైన్స్ హై" అన్నడు బాపు, ఎంతో మర్యాదగ. మీకు తెలువదు ఖాలా, ఇది సైన్సు అని.

"తో ఆప్ కే సైన్స్ కో బోలో, బచ్చీ కో హాథ్ లగాకే దేఖే" అని ఖాలా వెళ్లిపోయింది. మీ సైన్సును వచ్చి పిల్లను ముట్టి చూడమను అన్నది. అక్షరం ముక్క రాని మనిషి. ఇన్నేండ్లలో నేను విన్న శాస్త్రీయమైన మాటల్లో అదొకటి.

ముట్టి చూస్తే నిజంగనే తెలిసేది. పద్మ కాళ్ల మీద తోలు చేప పొలుసుల లెక్క లేచింది. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. దోమ కుడితే గోక్కున్న చోట పుండు, ఆ పుండు వారాలైనా మానేది కాదు. ఎంత నీళ్లు తాగినా ఇంకా దాహమనేది. బాపు అదంతా పసిరికల శేషం అనుకున్నడు, అందుకని పథ్యాన్ని ఇంకా గట్టిగ పట్టుకున్నడు. ఆయనకు పిల్ల మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై, ల్యాబులో పురుగులకు ఎంత శుభ్రంగ చేసేటోడో దానికి అంతకంటే శుభ్రంగ చేసిండు. మజ్జిగను రెండుసార్లు చిలికి, పైన తేలింది మొత్తం తీసేసి, గుడ్డలో వడగట్టి ఇచ్చేటోడు.

ఇక్కడిదాక రాసిన దాంట్లో నేను మామూలుగ చేసినట్టే కొన్నిటిని పెంచి రాసిన. మేక కాయితం నమిలింది నిజం, పులి సంగతి అబద్ధం. ఇప్పుడు చెప్పబోయేదాన్ని ఒక్క ఇంచు కూడా పెంచలేదు.

ఒక పొద్దున నేను బడికి తయారై, పలక కోసం దేవుని అర్ర దిక్కు పోయిన. పద్మ అక్కడ కూసున్నది. అవ్వ సాయంత్రం వెలిగించిన దీపం కుంది ఆరిపోయి, అడుగున నువ్వుల నూనె కొంచెం మిగిలి ఉన్నది. పద్మ దాంట్లో చూపుడువేలు ముంచి, చీకుతున్నది. వత్తి మసి మూతికి అంటింది. కండ్లు మూసుకుని చీకుతున్నది, చిన్నపిల్లలు పాలు తాగేటప్పుడు మూసుకున్నట్టు. నన్ను చూసి వేలు వెనక్కి దాచుకున్నది.

"అన్నా, ఎవ్వలకు చెప్పకు" అన్నది.

చెప్పనని ఒట్టు పెట్టుకున్న. మూడు రోజులు చెప్పలేదు. నా జీవితంలో ఒక రహస్యాన్ని కడుపులో ఉంచుకున్న రికార్డు అదే. నాలుగో రోజు ఆదివారం. మా వాకిట్లో అమ్మ, అవ్వ, ఖాలా, గల్లీ ఆడోళ్లు ఇద్దరు ముగ్గురు బియ్యం చెరుగుతున్నరు. బాపు సైకిల్ తుడుస్తున్నడు. అందరూ ఏదో దిగులుగ ఉన్నరు, వాళ్లను నవ్వించాలని నాకు బుద్ధి పుట్టింది. పద్మ ఎట్ల పిల్లి లెక్క అడుగులేసుకుంట దేవుని అర్రలోకి పోతదో, ఎట్ల అటూ ఇటూ చూస్తదో, వేలు ముంచి ఎట్ల కండ్లు తేలేసి చీకుతదో, అంతా చేసి చూపించిన. మూతికి బొగ్గు కూడా రాసుకున్న. చివరకు దేవుని పటానికి దండం పెట్టి, "సామీ, నీ దీపం బాగున్నది, రేపు కొంచెం మిరపకాయ కూడా వెయ్యి" అన్న.

ఆడోళ్లు చాటలు పక్కన పెట్టి నవ్విన్రు. అవ్వ కండ్ల నీళ్లు తుడుచుకుంది. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. బాపు కూడా నవ్విండు. పద్మ కూడా నవ్వింది, పండ్ల సందులోంచి గాలి వచ్చేటట్టు. ఒకళ్ల నవ్వు మనల్ని ఎంత పైకి లేపుతదో నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే. ఆ తర్వాత జీవితమంతా మందిని నవ్వించుకుంట అదే తిండి తిన్న.

ముందుగాల నవ్వు ఆపింది బాపు. సైకిల్ గోడకు ఆనించి లోపలికి పోయిండు. దీపం కుందిని మనిషి చెయ్యి అందని అటక మీద పెట్టిండు. ఆ దినం నుంచి అవ్వ స్టూలెక్కి దీపం పెట్టింది. నూనె సీసా ట్రంకు పెట్టెలోకి పోయింది. పద్మను దగ్గరికి పిలిచి, "బిడ్డా, ఇంకొన్ని దినాలే" అని తల నిమిరిండు. దువ్వెన కూడా లేకుండనే ఆయన వేళ్లకు వెంట్రుకలు వచ్చినయి.

పద్మ నా మీద కోపానికి రాలేదు. అదే నాకు ఎక్కువ గుర్తు. రాత్రి అన్నం కాడ నన్ను చూసి, వేలు చీకినట్టు చేసి, మళ్లా నవ్వింది.

వానలు పడ్డ తర్వాత చెవి వెనక పుండు చీము పట్టింది. జ్వరం వచ్చింది. దవాఖానలో డాక్టరు దాని చేతి మీద బొటనవేలుతో రుద్ది చూసి, రాలిన పొట్టును చూసి, "పాపకు ఏం తిండి పెడుతున్నరు?" అని అడిగిండు. "పథ్యం సార్, ఒక్కనాడు కూడా తప్పలేదు" అన్నడు బాపు. డాక్టరు ఆయన మొహం దిక్కు చూసి, ఇంకేం అడగకుండ గ్లూకోజు పెట్టించిండు. నాలుగో రోజు మధ్యాహ్నం పద్మ పోయింది. మట్టి చేసి ఇంటికి వచ్చేసరికి డబ్బాలలో రాజులు ఒక్కటే పాట. అమ్మ లేచి, మూడు డబ్బాలూ వాకిట్లోకి తీసుకపోయి, మూతలు తీసి కింద గుమ్మరించింది. ఆ వానాకాలమంతా మా గల్లీలో ప్రతి గోడ, ప్రతి రాయి పాడింది. డబ్బాలలో పురుగులు చచ్చిపోయినయని బాపు ల్యాబులో చెప్పిండు. ఆయన నౌకరిలో ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

ఇప్పుడు మా ఇంట్లో నూనె గురించి ఎవరూ లొల్లి చెయ్యరు. నా భార్య నూనె లేకుండ వేయించే ఒక మిషను కొన్నది, అది పొద్దున లేస్తే చిన్న విమానం లెక్క మోత. నా డాక్టరు నూనె తగ్గించమంటడు, నా బిడ్డ ఫోనులో ఏ గింజలో ఏ కొవ్వు ఉన్నదో చదివి వినిపిస్తది. అప్పుడు ఆ ముక్క చదివి వినిపించేటోళ్లు మా గల్లీలో ఒక్కరన్న ఉంటే అని అనిపిస్తది, మళ్లా అనిపిస్తది, చెప్పిన ఒక్క ఖాలా మాట విన్నమా అని. బాపు మాత్రం ఇన్నేండ్లలో తిండి గురించి ఎవరికీ ఒక్క సలహా ఇయ్యలేదు. ఎవరన్నా ఏదన్నా తినొద్దంటే లేచి బయటికి పోతడు.

అందుకని మేడం కాయితాలు తీసి మంచం మీద పరుస్తుంటే నేను చాయ్ పెట్టిస్తనన్న నెపంతో తలుపు కాడనే నిలబడ్డ. బాపుకు ఎనభై నాలుగు. మేడాన్ని చూసి లేవబోయిండు, ఆమె భుజం పట్టి కూసోబెట్టింది.

"గుర్తుందా యాదయ్యా? ఇవి ఎట్లా చేస్తాయి మేడం, మనకెందుకు రాదు అని అడిగావు. అప్పుడు చేస్తాయని మాత్రమే తెలుసు, ఎట్లా అన్నది తెలియదు" అన్నది. ఆమె కండ్లు మెరుస్తున్నయి, పరీక్ష పాసైన పిల్ల లెక్క. "అన్ని జంతువుల ఒంట్లో ఒక పనివాడు ఉంటాడనుకో. కొవ్వు అంటే పొడుగాటి గొలుసు. ఆ గొలుసును ఒక చోట వంచడం అతనికి వచ్చు. మనకు కూడా వచ్చు. కాని మనకు తప్పకుండా కావలసిన నూనెకు అంతకు అవతల ఇంకో వంపు ఉండాలి. అది మన పనివాడికి చేతకాదు. మొక్కలకు చేతనవును, అందుకే మనం గింజల నూనె తినాలి."

"కీచురాయికి ఎట్ల వచ్చింది మరి?"

"పొరపాటుగా. ఎప్పుడో దాని తాతముత్తాతల్లో, ఆ పనివాడిని తయారుచేసే రాత రెండుసార్లు నకలు అయింది. ఒక నకలు పాత పని చేస్తూ ఇల్లు నడిపింది. రెండోదానికి పని లేదు. పని లేనిది కనుక తరతరానికి కొంచెం కొంచెం మారినా ఇంటికి నష్టం లేదు. అట్లా మారి మారి, ఒకనాటికి ఆ అవతలి వంపు వేయడం దానికి పట్టుబడింది. ఇక ఎండుగడ్డి తిన్నా, ఉత్త గంజి తిన్నా ఆ పురుగు బతికిపోయింది. ఇంకా విచిత్రమేమిటంటే, ఇది ఒక్కసారే జరగలేదు యాదయ్యా. పిండిపురుగు వేరుగా కనుక్కుంది, కొన్ని కందిరీగలు వేరుగా కనుక్కున్నాయి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు."

"మనకు?"

"మన పూర్వీకులు గింజా ఆకూ తింటూనే ఉన్నారు. తిండిలోనే దొరుకుతుంటే అది చేతకాని లోటు తెలియలేదు. మనకు ఆ దారి పడలేదు."

బాపు ఒక కాయితం తీసి అటూ ఇటూ తిప్పి చూసిండు. ఆయనకు ఇంగ్లీషు రాదు. "ఎన్నేండ్లు పట్టింది మేడం, పురుగుకు?"

"కోట్ల ఏళ్లు."

"నా బిడ్డకు ఆరు నెలలిచ్చిన" అన్నడు బాపు.

మేడానికి అర్థం కాలేదు. పద్మ జ్వరంతో పోయిందని మాత్రమే ఆమెకు తెలుసు. బాపు చెప్పిండు. నలభై ఒకటో రోజు, ఆర్పిన పొయ్యి, రెండుసార్లు చిలికిన మజ్జిగ, అన్నీ. గొంతు పెంచకుండ, ల్యాబులో డబ్బాల సంగతి రోజువారీ చెప్పినట్టు చెప్పిండు. తర్వాత నాకు కూడా తెలియని ముక్క ఒకటి చెప్పిండు. "అది పోయిన ఏడాదికి ల్యాబుల ఒక మీటింగు అయింది, యాదికుందా మేడం? బయటి సారు ఒకాయన మాట్లాడిండు. ఈ నూనె మనిషి ఒంట్ల తయారు కాదు, తిండిల రాకుంటే పిల్లలకు తోలు పొలుసులు లేస్తయి, పుండ్లు మానవు అన్నడు. తెలుగులనే చెప్పిండు. నేను చాయ్ ఇస్తున్న."

"నువ్వు ట్రే పడేశావు" అన్నది మేడం. "అందరి ముందు నిన్ను కోప్పడ్డాను."

"ఆ తెల్లారి వచ్చి మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన."

మేడం చెవి మిషను సరిచేసుకున్నది, విన్నది తప్పేమోనన్నట్టు. "నేను సంబరపడ్డాను. మా యాదయ్యకు సైన్సు మీద ఎంత ఆసక్తి అని అందరికీ చెప్పుకున్నాను."

బాపు ముందుకు వంగిండు. ఇన్నేండ్లు ఎవరినీ అడగనిది అడిగిండు. "మేడం, అది పోయింది అందుకేనా? మీరు సైంటిస్టు. మీరు చెప్తే నేను నమ్ముత."

"నూనె ఒక్కటే అని చెప్పలేను యాదయ్యా. లివర్ దెబ్బతిన్న పిల్ల. పెట్టినా ఎంత ఒంటికి పట్టేదో తెలియదు. ఆ చీముకు సమయానికి మందు పడిందో లేదో తెలియదు." అక్కడితో ఆపితే బాగుండునని నేను తలుపు పట్టుకున్న. ఆమె ఆపలేదు. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. "కాదు అని కూడా చెప్పలేను. నీ చేత పిండి ఉతికించాను, ఎందుకు ఉతికిస్తున్నానో సగమే చెప్పాను."

"మీరు పురుగుల సంగతి చెప్పిన్రు. మనుషుల సంగతి నేను అడగలే" అన్నడు బాపు.

ఇద్దరు ముసలోళ్లు మంచం మీద ఆ కాయితాల నడుమ కూసున్నరు. పోయేటప్పుడు మేడం బాపు రెండు చేతులూ పట్టుకున్నది. ఆటో ఎక్కడానికి కూడా దిగినంత సేపే పట్టింది, ఈసారి నేను దాని మీద జోకు వెయ్యలేకపోయిన.

లోపలికి వచ్చి బాపు కాళ్ల దగ్గర కూసున్న. "బాపూ, దీపం కాడ దాన్ని చూసి నేను చెప్పకుంటే, రోజూ ఒక వేలు నూనె అన్న దాని కడుపుల పడేది."

"నువ్వు పదేండ్ల పోరగానివిరా. అందరినీ నవ్వించినవ్. గంతే."

"దాని ఒంటికి తెలిసింది బాపూ, ఏం కావాల్నో. అది ఎవ్వలకు చెప్పకని నన్ను అడిగింది. నా తప్పు కూడా ఉన్నది."

"లేదు" అన్నడు బాపు.

"కొంచెమన్న ఉన్నది."

"లేదంటిగదరా." గొంతు గట్టిగ లేచింది, నా చిన్నప్పుడు కూడా నా మీద అంత గట్టిగ లేవలేదు. "అది నాది."

నా జన్మలో ఏదీ తన కోసం దాచుకోని మనిషి ఆయన. కూరలో మూలుగ బొక్క కనపడితే తీసి నా పళ్లెంలో వేసేటోడు, ఇప్పటికీ వేస్తడు. ఇది ఒక్కటి మాత్రం నాకు పంచియ్యలే.